కలంతో వేసినదని అమ్మిన కలంకారీ చీర మొదటి ఉతుకులోనే రంగు వదిలింది, ఇది అసలుదేనా?

విజయనగరం_వాణి
గత నెల హైదరాబాదులో ఒక ప్రదర్శనలో 6,500 రూపాయలు పెట్టి నూలు కలంకారీ చీర కొన్నాను. ఇది పూర్తిగా కలంతో చేతిమీద వేసినదనీ, రంగులన్నీ చెట్ల బెరళ్ల నుంచీ వేళ్ల నుంచీ తీసినవేననీ అమ్మినతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మొన్న మొదటిసారి చన్నీళ్లలో జాడిస్తే బకెట్టులో నీళ్లు బీట్‌రూట్ ఉడకబెట్టినట్లు ఎర్రబడ్డాయి. అనుమానం వచ్చి చీరను నేలమీద పరిచి చూశాను. పల్లూలో మూడు ఏనుగులు ఉన్నాయి, మూడింటికీ తొండం చివర సరిగ్గా ఒకే చోట గీత తెగి ఉంది. చేత్తో గీసే మనిషి మూడుసార్లూ ఒకే చోట తడబడతాడా?

దీనికి పూర్తిగా ఎదురైన సంగతి ఇంకొకటి ఉంది. మా అత్తగారి పెట్టెలో ఆవిడ పెళ్లైన కొత్తలో కొన్న కలంకారీ దుప్పటి ఉంది. నలభై ఏళ్లు దాటినా దాని ఎరుపు ఎరుపుగానే ఉంది, కానీ నల్లగీతలు ఉన్నచోటల్లా బట్ట చీలిపోతోంది. మిగతా గుడ్డ గట్టిగానే ఉంది. పురుగు కొట్టిందని ఇంట్లో అంటున్నారు. పురుగుకు నల్లగీతల వెంటే నడవమని ఎవరు చెప్పారో నాకు అర్థం కావడం లేదు. ఈ రెండింటి గురించీ తెలిసినవారు చెప్పగలరా?

నిడదవోలు_రాజు
రంగు వదిలిందంటే అది నకిలీ అని తేలిపోయినట్లే. సహజమైన రంగు ఎన్నడూ వదలదు, ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

బందరు_లడ్డు
మూడు ఏనుగులూ ఒకే తల్లి పిల్లలేమో, పుట్టుకతోనే తొండానికి ఆ మచ్చ వచ్చి ఉండవచ్చు. అమ్మినతన్ని అడిగితే తప్పకుండా ఇదే చెబుతాడు.

పెడన_అద్దకం
మచిలీపట్నం పక్కన పెడనలో మా ఇంట్లో మూడు తరాలుగా అద్దకం పనే, అంటే చెక్క అచ్చులతో గుడ్డమీద బొమ్మలు వేసే పనే చేస్తున్నాం కనుక కొంత వివరంగా రాస్తాను. వాణి గారి చీర కలంతో వేసినది కాదని ఆ తొండమే చెబుతోంది. అయితే అది చెక్క అచ్చుతో అద్దినదా, స్క్రీన్ ప్రింటా అన్నది ఇంకా తేలలేదు, ఎందుకంటే రెండింటిలోనూ ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తుంది. టేకు అచ్చులో సన్నని గీత ఒకచోట విరిగితే, కొత్త అచ్చు చెక్కించుకునేదాకా ప్రతి అద్దకంలోనూ ఆ విరుగు కనబడుతుంది.

తేడా చూడవలసింది రంగు దిగిన తీరులో. అచ్చును చేత్తో ఎత్తి, రంగు పెట్టెలోని తడి గోనెమీద ఒత్తి, గుడ్డమీద పెట్టి పైనుంచి గుద్దుతాం. పొద్దున గుద్దిన గుద్దు, మధ్యాహ్నం భోజనానికి ముందు గుద్దిన గుద్దు ఒకటిగా ఉండవు. అందుకని ఒక ఏనుగు ముదురుగా, పక్కది కొంచెం లేతగా పడుతుంది. అచ్చుకూ అచ్చుకూ కలిసే చోట వెంట్రుకవాసి ఎడమో, వెంట్రుకవాసి పైబాటో ఉంటుంది. పైగీత ఒక అచ్చుతో, లోపలి రంగు వేరే అచ్చుతో పడుతుంది గనుక, లోపలి రంగు అక్కడక్కడ గీత దాటి బయటికి వస్తుంది. స్క్రీన్‌లో ఇవేవీ ఉండవు. మొదటి గజం నుంచి చివరి గజం దాకా ఒకే చిక్కదనం ఉంటుంది. మీ మూడు ఏనుగులూ చిక్కదనంలో కూడా ఒకేలా ఉన్నాయా అన్నది చూసి చెప్పండి.

స్వర్ణముఖి_ఒడ్డు
పెడన వారు చెప్పినదానికి శ్రీకాళహస్తి వైపు నుంచి కొంత కలుపుతాను. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట రంగులు నింపే పనికి వెళ్లేదాన్ని, తరువాత గీత నేర్చుకున్నాను. కలం అంటే వెదురు పుల్లకు మొన చెక్కి, మొనకు కొంచెం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించినది. ఆ ఉన్ని రంగును పీల్చి పట్టుకుంటుంది, వేళ్లతో నొక్కినకొద్దీ మొనలోకి దిగుతుంది. ముంచి గీయడం మొదలుపెట్టినప్పుడు గీత లావుగా ఉంటుంది, రంగు అయిపోతున్నకొద్దీ సన్నబడుతుంది, మళ్లీ ముంచితే మళ్లీ లావవుతుంది. పొడవాటి కొమ్మ గీతను వేలితో తడుముతూ వెళ్లి చూడండి, ఆ ఊపిరి తీసినట్లుండే లావూ సన్నమూ కనబడకపోతే అది కలం పని కాదు.

ఇంకొక గుర్తు ఉంది, వినడానికి వింతగా ఉంటుంది. కొత్త చీరను మడత విప్పి వాసన చూడండి. గుడ్డను మేము ముందుగా కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదె పాలలో నానబెట్టి ఆరబెడతాం. పాలలోని కొవ్వు వల్ల గీత పోగుల వెంట పాకకుండా గీసినచోటే నిలబడుతుంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ పాలవాసన కొన్నాళ్లపాటు పోదు.

నిడదవోలు_రాజు
పాలవాసన గురించి నాకు తెలియదు. అయినా రంగు వదిలింది కనుక నకిలీ అన్న నా మాటకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

రసాయన_మాస్టారు
రాజు గారూ, ఆ మాట సగమే నిజం, ఆ సగం కూడా తలకిందులైన సగం. స్క్రీన్ ప్రింటులో ఎక్కువగా వాడేది పిగ్మెంటు రంగు. అది జిగురుతో పోగులమీద అంటుకుని పైపైన ఉంటుంది, కాబట్టి మొదటి ఉతుకులలో దాదాపు ఏమీ వదలదు. మీ లెక్కన చూస్తే అన్నిటికన్నా అసలైనది అదే కావాలి. మరోవైపు సహజ రంగులతో చేసిన గుడ్డలో మిగిలిపోయిన కరక్కాయ రసం మొదటి రెండు మూడు ఉతుకులలో పసుపుపచ్చగా దిగుతుంది. నీలిమందు కూడా బట్టను రుద్దితే తెల్ల రుమాలుకు కాస్త అంటుతుంది. ఇవి రెండూ దోషాలు కావు.

కానీ వాణి గారి బకెట్టులో నీళ్లు ఎర్రగా మారాయి. పటికతో కట్టిన ఎరుపు అలా దిగకూడదు. మన సముద్రతీరపు చిరివేరు మొక్క వేళ్లలో ఉండే ముఖ్యమైన ఎరుపు పదార్థం అలిజరిన్. అది పటికలోని అల్యూమినియంతోనూ, నీటిలోని సున్నంతోనూ కలిసి పోగు లోపలే కరగని ముద్దగా గట్టిపడుతుంది. అందుకే అత్తగారి దుప్పటి నలభై ఏళ్లకు కూడా ఎర్రగా ఉంది. బకెట్టు ఎర్రబడిందంటే, సరిగా కట్టుకోని రసాయన రంగైనా అయి ఉండాలి, లేదా కాగులో కాచిన తరువాత పారే నీటిలో జాడించకుండా హడావుడిగా ఆరేసిన అద్దకమైనా అయి ఉండాలి. రంగు వదలడం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వడానికి వీల్లేదు.

దుప్పటి సంగతి దీనికన్నా ముఖ్యమైనది, దాని గురించి రాత్రికి రాస్తాను.

కొట్టు_సుబ్బారావు
బట్టల కొట్టువాళ్లందరినీ దొంగలుగా చూడకముందు నా మాట కూడా వినండి. నా దగ్గర రోజుకు పదిమంది కలంకారీ అడుగుతారు. కలంతో వేసిన నూలు చీర ధర చెబితే తొమ్మిదిమంది లేచి వెళ్లిపోతారు. 700 రూపాయలకు కలంకారీ కావాలంటారు. 700కు వచ్చేది స్క్రీన్ ప్రింటే, నేను అదే చెప్పి అమ్ముతాను. "కలంకారీ డిజైన్" అని చీటీ అంటిస్తాను. అందులో మోసం ఎక్కడుంది?

పెడన_అద్దకం
సుబ్బారావు గారూ, మీరు "డిజైన్" అన్న మాట చీటీమీద రాస్తున్నారు కనుక మీతో నాకు తగువు లేదు. మీ దగ్గర కొన్నవారు మరొకరికి అమ్మేటప్పుడు ఆ మాట రాలిపోతుంది, అక్కడే మా కడుపు కాలుతోంది. మా వీధిలోనే అచ్చులు అటకమీద పెట్టి స్క్రీన్ బల్లలు వేసుకున్నవారు ఉన్నారు. వారిని నేను తప్పుపట్టను, వారికీ పిల్లల చదువులు ఉన్నాయి. మేము వారం పట్టి చేసే గుడ్డను వారు ఒక పూటలో ముగిస్తారు. కానీ రెండూ ఒకే పేరుతో ఒకే బల్లమీద పెడితే, కొనేవారి కంటికి మాది ఖరీదెక్కువైన, గీతలు సరిగా కలవని సరుకులా కనబడుతుంది.

కలమా_అచ్చా
ఇంతదూరం వచ్చారు గనుక నేనొక ఇబ్బందికరమైన ప్రశ్న అడుగుతాను. కలంకారీ అన్న పారసీ మాటకు అర్థం కలంతో చేసే పని. ఆ లెక్కన పెడన అచ్చు పని కూడా కలంకారీ కాదు గదా! స్క్రీన్ వారు పేరు దొంగిలించారని అచ్చువారు ఏడవడం, పొరుగింటి పెరట్లో కోసిన కాయలు తన బుట్టలోంచి పోయాయని ఏడ్చినట్లుంది. అద్దకం అన్న చక్కటి తెలుగు మాట ఉండగా మీకు కలం ఎందుకు?

బందరు_లడ్డు
ఇక ఈ దారం వంద టపాలు దాటుతుంది, నేను కాఫీ తెచ్చుకుంటాను.

పెడన_అద్దకం
ప్రశ్న పదునుగా ఉంది, ఒప్పుకుంటాను. నా హ్యాండిల్‌లో అద్దకం అనే పెట్టుకున్నానని కూడా మీరు గమనించే ఉంటారు. మా తాతగారు తన పనిని అద్దకం అనే అనేవారు. కలంకారీ అన్న మాట మా ఇంటికి కొనుగోలుదార్లతో వచ్చింది. అయితే బందరు రేవు నుంచి పారసీక దేశానికీ ఐరోపాకూ పోయిన పాత బట్టలలో కలంతో గీసినవి ఎన్నో ఉన్నాయి, అచ్చు తరువాత తరువాత ఎక్కువై కలం తగ్గింది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ పని చేసినవారినే కలంకారులన్నారు. మచిలీపట్నం కలంకారీకి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, శ్రీకాళహస్తికి విడిగా మరొకటి ఉంది. పేరు చూస్తే మా చేతిలో ఉన్న పనిముట్టుకు చెందదు, మేము వాడే గుడ్డ తయారీకి చెందుతుంది. కరక్కాయ, కసిమి అనే ఇనుప నలుపు, పటిక, పారే నీరు, కాగు, ఈ వరుస రెండు చోట్లా ఒకటే. స్క్రీన్ వారు విడిచిపెట్టింది ఆ వరుసను.

ఆ వరుస ఎంత వింతో ఒక్కమాట చెబుతాను. ఎరుపు రావలసిన చోట మేము ఎరుపు అద్దం. పటిక నీళ్లలో తుమ్మబంక కలిపి అద్దుతాం, దానికి రంగే ఉండదు. కంటికి కనబడడం కోసం కొద్దిగా ఏదో ఒక రంగు కలుపుతాం, అది ఉతుకులో పోతుంది. నాలుగు రోజులు ఆగి కాలువలో జాడించి, రాగి కాగులో అలిజరిన్ వేసి కాస్తే, పటిక పడినచోట మాత్రమే ఎరుపు లేస్తుంది, కసిమి పడినచోట నలుపు నలుపుగానే ఉంటుంది, రెండూ కలిసినచోట వక్కరంగు వస్తుంది. మొత్తం గుడ్డ ఒకే నీళ్లలో మునిగి, మూడు రంగులతో పైకి వస్తుంది. నేను చిన్నప్పుడు కాగు దగ్గర కూర్చుని ఇదేదో మంత్రమనుకునేవాణ్ణి.

కలమా_అచ్చా
అలిజరిన్ అంటే కర్మాగారంలో తయారైన పొడే కదా! మరి సహజ రంగులన్న మాట ఎలా నిలుస్తుంది?

రసాయన_మాస్టారు
నిలుస్తుందా లేదా అన్నది మీరు సహజమన్న మాటకు ఇచ్చే అర్థాన్నిబట్టి ఉంటుంది. వేరులో ఉన్న అలిజరిన్, 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ ప్రయోగశాలలో తయారుచేసిన అలిజరిన్ ఒకే అణువు. పటికతో ముడిపడే పద్ధతి కూడా ఒకటే. తేడా ఏమిటంటే, వేరులో దానితోపాటు మరికొన్ని రంగు పదార్థాలు కలిసి ఉంటాయి గనుక వేరు ఎరుపులో కొంచెం లోతు ఉంటుంది. చిరివేరు తవ్వి బతికిన తీరప్రాంతపు కుటుంబాలకు ఆ పొడి ఏం చేసిందన్నది వేరే కథ. పొడి వాడినవారు ఆ సంగతి చీటీమీద చెబితే నాకు అభ్యంతరం లేదు. "వేళ్ల నుంచి తీసిన రంగు" అని మాత్రం అనకూడదు.

ఇక దుప్పటి. వాణి గారూ, ఇంట్లోవారి పురుగు నిర్దోషి. నల్లగీతను కసిమితో వేస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెట్టి వడకడితే వచ్చే ద్రవం అది. కరక్కాయలోని వగరు పదార్థంతో ఆ ఇనుము కలిసిన క్షణంలో నల్లబడుతుంది. రంగు అద్భుతంగా నిలుస్తుంది, కానీ ఆ ఇనుమే గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నూలు పోగును ఏళ్లతరబడి నెమ్మదిగా కొరుకుతుంది. తేమ ఉంటే ఇంకా త్వరగా కొరుకుతుంది. పాత కలంకారీలు అన్నిటికన్నా ముందు నల్లగీతల దగ్గరే చిల్లులు పడతాయి. ఒక రకంగా మీ అత్తగారి దుప్పటి అసలైనదని ఆ చిరుగులే సాక్ష్యం చెబుతున్నాయి.

పాత_కాగితం
మాస్టారు చెప్పింది చదివి ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే నా పని పుస్తకాల బైండింగు, పాత దస్తావేజులకు మరమ్మతు చేయడం. కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన సిరాతో రాసిన పాత కాగితాలు నా బల్లమీదకు వస్తుంటాయి. అక్షరం ఉన్నచోట కాగితం రాలిపోయి, అక్షరం ఆకారంలోనే కిటికీ తెరుచుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న కాగితం మాత్రం బాగానే ఉంటుంది. ఈ గుడ్డకూ ఆ కాగితానికీ జబ్బు ఒకటేనన్నమాట!

రసాయన_మాస్టారు
సరిగ్గా ఒకటే. అన్నభేది కూడా ఇనుమే, గుడ్డా కాగితమూ రెండూ పీచుతో అయినవే.

విజయనగరం_వాణి
అత్తగారికి చదివి వినిపించాను. నలభై ఏళ్లుగా కర్పూరం ఉండలు పెడుతూ వచ్చానే అని ఆవిడ ఒకటే నవ్వు. ఇప్పుడు ఆ దుప్పటిని ఏం చేయాలి? ఉతకవచ్చా?

పాత_కాగితం
ఉతకకండి. గుడ్డకన్నా కాగితమే నాకు బాగా తెలుసు, అయినా ఈ జబ్బుకు జాగ్రత్తలు రెండింటికీ ఒకటే గనుక చెబుతున్నాను. మడతపెట్టి ఉంచితే మడత విరిగేచోట నల్లగీత ఉంటే అక్కడే ముందు తెగుతుంది. పొడవాటి అట్టగొట్టానికి ముందు ఉతికిన పాత తెల్ల పంచె చుట్టి, దానిమీద దుప్పటిని వదులుగా చుట్టండి, పైన మరో తెల్ల గుడ్డ కప్పండి. వార్తాపత్రికలు మాత్రం వాడకండి, ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, అది పసుపుబారి గుడ్డను కూడా పాడుచేస్తుంది. చిరిగినచోట్ల వెనుక పలుచని నూలుగుడ్డ పెట్టి వదులు కుట్లు వేయించండి. జిగురు పెట్టి అంటించవద్దు. మైదా జిగురు చేస్తే ఇంతకాలం రాని పురుగును మీరే పిలిచి భోజనం పెట్టినట్లవుతుంది.

చేర్యాల_చుట్టం
జిగురు మాట వచ్చింది గనుక చిన్న మాట. మా వైపు చేర్యాల నకాషీ బొమ్మల పటాలకు ఖద్దరుగుడ్డమీద గంజి, సుద్ద, చింతగింజల ముద్ద కలిపి పూతలు పూస్తారు. అక్కడ గుడ్డ దాదాపు కాగితంలా బిగుసుకుంటుంది, రంగు పైన కూర్చుంటుంది. కలంకారీలో రంగు పోగులోకి దిగుతుంది. రెండూ గుడ్డమీద కథ చెప్పేవే అయినా పటాన్ని నీళ్లలో పెట్టలేం, కలంకారీని నీళ్లలో పెట్టకుండా చేయలేం.

స్వర్ణముఖి_ఒడ్డు
ఆ నీళ్ల కష్టం మా దగ్గర చాలా ఉంది. ఒక్క గుడ్డను ఎన్నిసార్లు నీళ్లలో వేస్తామో లెక్కపెడితే పదికి పైనే ఉంటుంది. మా స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే పారుతుంది. ఇప్పుడు బోరు నీళ్లే గతి, ఆ బోరు నీటిలో ఇనుము ఎక్కువగా ఉంటే పసుపు రంగు మీద మసక కమ్ముతుంది. ఎంత చక్కగా గీసినా చివరికి నీరే చెడగొడుతుంది.

నెల్లూరు_సుధ
అక్కా, మీరు చెప్పింది నాకు జరిగింది. దానిమ్మ పసుపు చుడీదారు ఒకటి మా అపార్టుమెంటు బోరు నీళ్లలో ఉతికితే వారానికల్లా ఖాకీ రంగులోకి మారింది. దుకాణం వాణ్ణి అనవసరంగా తిట్టాను. అప్పటినుంచి తాగే నీళ్లలో కుంకుడు రసం పోసి ఉతుకుతున్నాను.

లెస్టర్_లక్ష్మి
కలమా_అచ్చా గారు లేపిన పేరు తగువు చదువుతుంటే లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూసిన మన తీరం బట్టలు గుర్తుకొచ్చాయి. అక్కడ వాటి పేరు కలంకారీ కాదు, చింట్జ్. పోర్చుగీసువారు పింటాడో అన్నారు. మన పని ఎప్పుడూ ఎవరో పెట్టిన పేరుతోనే తిరిగింది. ఆ బట్టలకు ఎంత గిరాకీ ఉండేదంటే, సొంత నేతగాళ్లు గోల చేస్తున్నారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1701లో దిగుమతులను అడ్డుకుంది, 1721 చట్టంతో ఒంటిమీద వేసుకోవడమే నేరం చేసింది. నిషేధించినకొద్దీ దొంగచాటు వ్యాపారం పెరిగింది, దాంతోపాటు ఈ పద్ధతిని ఎలాగైనా తెలుసుకోవాలన్న తపన కూడా పెరిగింది. కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ మన బట్టలకు రంగులు వేసే పద్ధతినంతా, కరక్కాయ, గేదె పాలతో సహా, 1742లో ఉత్తరంగా రాసి పంపాడు. ఆయనకు తెలుగు వచ్చు, తెలుగుకూ ఫ్రెంచికీ నిఘంటువు కూడా కూర్చాడు. మన భాష నేర్చుకుని మన పనివాళ్ల నోట విన్నది వాళ్లకు చేరవేశాడన్నమాట.

బందరు_లడ్డు
ఆయన ఇప్పుడు పుట్టి ఉంటే వీడియో తీసి పెట్టేవాడు, మనమే చూసి మెచ్చుకునేవాళ్లం.

కలమా_అచ్చా
లక్ష్మి గారు ఇచ్చిన సంగతితో నా వాదం కొంత మెత్తబడిందని ఒప్పుకుంటున్నాను. అయితే ఒకటి. శ్రీకాళహస్తి పని కూడా అనాదిగా తెగకుండా వచ్చిందని పొగడడం సరికాదు. అది దాదాపు ఆరిపోయే దశకు వచ్చాక చేతిపనుల పునరుద్ధరణకు పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టవలసి వచ్చింది.

స్వర్ణముఖి_ఒడ్డు
నిజమే, అందులో దాచుకోవలసిందేమీ లేదు. ఆ తరువాతే మా ఊళ్లో ఇంటింటికీ పని చేరింది. జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మా వీధిలో ఆ రోజు పండుగలా జరిగింది. కానీ ఒక మాట చెప్పాలి. గీత గీసినవారి పేరు చెబుతారు, రంగులు నింపిన ఆడవాళ్ల పేరు ఎవరూ చెప్పరు. ఒక రామాయణ పటంలో దేవుళ్లకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు నింపి, ప్రతి గడిలో ఆకూ పువ్వూ దిద్ది, మధ్యలో మడుగులా పాకిన రంగును సరిచేసి, వంచిన మెడ ఎత్తకుండా నెల రోజులు కూర్చునేది వాళ్లే. దినకూలి తీసుకుని ఇంటికి పోతారు.

కొట్టు_సుబ్బారావు
అమ్మా, మీరు చెప్పిన ఆ నెల రోజుల పటం ధర ఎంత పెట్టాలో మీరే చెప్పండి. నా కొట్టులో పెడతాను. అమ్ముడుపోతుందని మాత్రం మాట ఇవ్వలేను.

స్వర్ణముఖి_ఒడ్డు
మాట ఇవ్వనక్కరలేదు సుబ్బారావు గారూ. పక్కన స్క్రీన్ ప్రింటు పెట్టి, రెండింటిమీదా నిజం రాసిన చీటీలు అంటించండి. గీత ఎవరిదో, రంగు నింపింది ఎవరో కూడా ఆ చీటీమీద ఉండాలి. మిగతాది కొనేవారు చూసుకుంటారు.

కొట్టు_సుబ్బారావు
సరే. ఒక పటం పంపండి, సంక్రాంతి దాకా పెట్టి చూస్తాను.

నిడదవోలు_రాజు
ఇంతకీ వాణి గారి చీర సంగతి ఏమైంది? ఇంట్లోనే తేల్చే పరీక్ష ఏదైనా ఉందా? రంగు పరీక్ష పనికిరాదన్నారు గనుక అడుగుతున్నాను.

రసాయన_మాస్టారు
ఉంది, కానీ జాగ్రత్తగా చేయాలి. కుచ్చిళ్లలోకి పోయే అంచు లోపలి భాగంలో, ఎవరికీ కనబడని చోట, నల్లగీతమీద ఒక్క చుక్క నిమ్మరసం వేసి అయిదు నిమిషాలు ఆగండి. కసిమి నలుపైతే నిమ్మరసం అందులోని ఇనుమును లాగేస్తుంది, గీత వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. రసాయన నలుపైతే చలించదు. వెంటనే మంచినీళ్లతో బాగా కడిగేయండి. అత్తగారి దుప్పటిమీద మాత్రం ఈ పరీక్ష చేయకండి, దానికి ఉన్న బాధ చాలు.

పెడన_అద్దకం
దానితోపాటు తిరగేసి కూడా చూడండి. మాది అయితే నలుపూ ఎరుపూ వెనకవైపుకు కూడా బాగా దిగి ఉంటాయి. పిగ్మెంటు స్క్రీన్ అయితే వెనుక వెలవెలబోతూ ఉంటుంది, పైన ముట్టుకుంటే రంగు ఉన్నచోట గుడ్డ కాస్త బిరుసుగా తగులుతుంది.

విజయనగరం_వాణి
చేశాను. నిమ్మచుక్క వేసిన నలుపు కదలలేదు, మెదలలేదు. వెనకవైపు ఏనుగులు పొగమంచులో నిలబడినట్లు ఉన్నాయి. మూడింటి చిక్కదనం కూడా ఒక్కటే. పాలవాసన కాదు గదా, కిరోసిన్ లాంటి వాసన కొద్దిగా వస్తోంది. విచిత్రమేమిటంటే పల్లూలో ఎర్రటి మామిడి పిందెలు మాత్రం వెనక్కు బాగా దిగాయి, బకెట్టును ఎర్రబరిచింది కూడా అవే అయి ఉండాలి.

పెడన_అద్దకం
ఆ కిరోసిన్ వాసన పిగ్మెంటు ముద్దలో కలిపేదానిది. నల్లగీతలు పిగ్మెంటు స్క్రీన్, ఎరుపు మరో రకం రంగు. రెండూ కలిపి అసలు పనిలా కనబడాలని చేసినది. 6,500 చాలా అన్యాయం. బిల్లుమీద "కలంతో వేసినది" అని రాసి ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

విజయనగరం_వాణి
బిల్లుమీద "కాటన్ శారీ 1" అని మాత్రమే ఉంది.

కొట్టు_సుబ్బారావు
అమ్మినవాడు పని తెలిసినవాడే. చీటీ లేకుండా నోటితో చెప్పాడు.

బందరు_లడ్డు
వాణి గారూ, ఏనుగులను మాత్రం తిట్టకండి. వాటి తొండం తెగి ఉండబట్టే ఇదంతా బయటపడింది.

విజయనగరం_వాణి
చీరను కత్తిరించి దిండు గలీబులు కుట్టించేస్తున్నాను, తొండాలు పైకి కనబడేలా కుట్టమని దర్జీకి చెప్పాను. అత్తగారు దుప్పటి చుట్టడానికి అట్టగొట్టం కోసం వీధి చివర బట్టల కొట్టుకు వెళ్లారు. పెడన_అద్దకం గారూ, వచ్చే నెల మచిలీపట్నంలో మాకు పెళ్లి ఉంది. మీ కాగు ఏ రోజుల్లో పొయ్యిమీద ఉంటుందో చెబితే, ఆ మూడు రంగులు పైకి రావడం చూసి వెళతాం. కొనడం సంగతి అప్పుడు ఆలోచిద్దాం, ఈసారి అత్తగారు నిమ్మకాయ వెంట తెస్తానంటున్నారు.

పెడన_అద్దకం
ఎండ బాగా కాసే రోజుల్లో కాగు ఎక్కుతుంది, మబ్బు పట్టిందంటే దించేస్తాం. రెండు రోజుల ముందు ఇక్కడ రాయండి. నిమ్మకాయ మేమే ఇస్తాం, గుడ్డ చివర పరీక్షకు ఒక ముక్క కూడా విడిగా ఉంచుతాం.